మూడు రాత్రుల సువార్త సభ పెట్టాలా, ఆ డబ్బుతో వేరే పని చేయాలా?

గుండ్లకమ్మ తీరం:
అందరికీ వందనాలు. మాది ఒంగోలు వైపు పల్లె, నూరు కుటుంబాలు దాటిన సంఘం. ఏటా సంక్రాంతి వెళ్లాక మూడు రాత్రులు సువార్త సభ పెడతాం. స్టేజీ, లైటింగ్, సౌండ్ సిస్టం, ఫ్లెక్సీలు, బయటి నుంచి వచ్చే ప్రసంగీకుడికి కానుక, భోజనాలు అన్నీ కలిపి పోయినసారి ఖర్చు రెండు లక్షలు దాటింది. ఈసారి యూత్ వాళ్లు అడ్డం తిరిగారు. "సభకు వచ్చేది మనమే, పక్క ఊరి సంఘాల వాళ్లే. ఇంతవరకు వాక్యం వినని మనిషి ఒక్కడైనా మన కుర్చీలో కూర్చున్నాడా?" అని అడుగుతున్నారు. సభ ఆపేస్తే సంఘం చల్లారిపోయిందని ఊరంతా అనుకుంటారని పెద్దల బాధ. నేను యూత్ వైపే ఉన్నాను. విశ్వాసం పంచుకోవాలంటే మనిషి దగ్గరికి వెళ్లాలి, కష్టసుఖాల్లో ఉండాలి, అడిగినప్పుడు చెప్పాలి. 1 పేతురు 3:15 చెప్పేది కూడా అదే కదా, మీ నిరీక్షణ గురించి అడిగిన ప్రతివాడికీ సాత్వికంతో జవాబు చెప్పమని. శనివారం కమిటీ మీటింగు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

సిలువ సాక్షి:
వందనాలు తమ్ముడూ. మీ యూత్ ఆవేదన అర్థమైంది. కానీ "అడిగినప్పుడు చెప్పాలి" అంటే, అడిగే వీలే లేనివాళ్ల సంగతేంటి? మా అమ్మ అలాంటి మనిషే. మా ఇంటి కోడళ్లు దళితులుండే పేటలో అడుగు పెట్టకూడదు, పేట వాళ్లు మా వసారా ఎక్కకూడదు. ఇక పాస్టరు గారు ఇంటికి వచ్చే ప్రసక్తే లేదు. పేటలో సభ జరిగిన రాత్రి ఆరేసిన బట్టలు తీసే వంకతో డాబా ఎక్కి, తప్పిపోయిన కుమారుడి కథ మొత్తం అక్కడ నిలబడి విన్నది. పిల్లవాడు ఇంకా దూరంగా ఉండగానే తండ్రి పరుగెత్తి వెళ్లి మెడ మీద పడ్డాడే, ఆ మాట ఆమెను ఏళ్ల తరబడి వదల్లేదు. ఆ రాత్రి మైకు లేకపోతే ఆమె దాకా ఎవరు వెళ్లగలిగేవాళ్లు?

"ప్రకటించువాడు లేకుండ వారెట్లు విందురు?" అని రోమా 10:14. పెంతెకొస్తు రోజున పేతురు జనం ముందు నిలబడి గొంతెత్తి చెప్పాడు. పరిచయాలతోనే పని జరుగుతుందనేవాళ్లు ఒకటి చూడాలి. మన ఊళ్లలో పరిచయాలు కులం గీత దగ్గర ఆగిపోతాయి. మైకు శబ్దం ఆగదు.

శివాలయం వీధి:
నేను హిందువుని. ఈ చర్చలో మేం కూడా ఉన్నాం కాబట్టి రాస్తున్నాను. సాక్షి గారూ, మీ అమ్మగారు వినాలనుకుని డాబా ఎక్కారు. మా నాన్న మంచం మీద ఉన్న నెలల్లో మా వీధి చివర మీ వాళ్ల సభ జరిగింది. ఆయనకు వినకుండా ఉండే వీలు లేదు. శివరాత్రికి మేమూ మైకు పెడతాం, కాబట్టి శబ్దం ఒక్కటే అయితే నేను నోరెత్తను. రాత్రి పది తర్వాత ఎవరి మైకైనా ఆపాలని రూల్ ఉంది, అది అందరికీ ఒకటే. నన్ను బాధపెట్టింది ప్రసంగం. మేం పొద్దున లేచి దీపం పెట్టే దేవుణ్ణి పట్టుకుని "చెవులుండీ వినలేని రాయి" అని నవ్వించాడు ఆ ప్రసంగీకుడు. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు కొట్టినవాళ్లలో నాతో చదువుకున్నవాళ్లున్నారు.

మా పక్కింటి అక్క కూడా క్రైస్తవురాలే. నాన్న జబ్బులో రోజూ సాయంత్రం వచ్చి అమ్మ స్నానం చేసి వచ్చేదాకా ఆయన పక్కన కూర్చునేది. ఒకరోజు గుమ్మంలో నిలబడి "అన్నా, మామయ్య గారి కోసం ప్రార్థన చేస్తే మీకు ఇబ్బందా?" అని అడిగింది. చేయమన్నాను. మెల్లగా రెండు నిమిషాలు చేసి వెళ్లిపోయింది. మళ్లీ నేను అడిగేదాకా ఆ ఊసెత్తలేదు. ఏసు గురించి నాకేమైనా తెలుసంటే ఆమె వల్లే. నేను మతం మారలేదు, మారను. కానీ ఆమె చెప్తే వింటాను.

సిలువ సాక్షి:
మీ బాధలో న్యాయం ఉంది. ఎఫెసులో పౌలు తోటివాళ్ల మీద జనం విరుచుకుపడితే, వీళ్లు గుడి దోచినవాళ్లూ కాదు, మన దేవతను దూషించినవాళ్లూ కాదని ఆ ఊరి కరణమే చెప్పాడు (అపొ. 19:37). మా ప్రసంగీకుల గురించి కూడా ఊరి వాళ్లు అలా చెప్పగలగాలి. ఏసు ఒక్కడే మార్గం అని చెప్పడం మాత్రం దూషణ కాదు, అది మా విశ్వాసం. దాన్ని ప్రచారం చేసుకునే హక్కు రాజ్యాంగం 25వ అధికరణం ఇచ్చింది.

శివాలయం వీధి:
ఇచ్చింది, కాదనను. ప్రచారం చేసే హక్కులో ఇంకొకరిని మార్చే హక్కు లేదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీరు చెప్పండి. నిర్ణయం నాది.

పల్లె మాస్టారు:
గుండ్లకమ్మ తమ్ముడూ, మీ పేరులోనే మీ జవాబు ఉంది. మీ జిల్లా సంఘాలు ఎలా పుట్టాయో ఒకసారి చూసుకోండి.

1866లో అమెరికన్ బాప్టిస్ట్ మిషనరీ జాన్ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టేసరికే తాళ్లకొండపాడులో ఎర్రగుంట్ల పేరయ్య ఉన్నాడు. మాదిగవాడు, తోళ్ల వ్యాపారం. అంతకుముందే గురువు దగ్గర యోగం నేర్చుకున్నవాడు, దేవుణ్ణి వెతికినవాడు. తోళ్ల కోసం ఊళ్లు తిరిగేవాడు, ప్రతి ఊళ్లో చుట్టం ఉండేవాడు. ఆ చుట్టాల ఇళ్లలో రాత్రి భోజనం అయ్యాక తనకు దొరికిన దాని గురించి చెప్పేవాడు. సువార్త పల్లె నుంచి పల్లెకు వెళ్లింది ఆ దారిలోనే. క్లౌ వెనకాల వచ్చి, అప్పటికే వినడానికి సిద్ధంగా ఉన్నవాళ్లతో మాట్లాడాడు.

రెండో సంగతి కరువు. 1876 నుంచి 78 దాకా వచ్చిన కరువులో మనుషులు రోడ్ల మీద పడి చనిపోయారు. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని కాంట్రాక్టు తీసుకుని కూలి ఇప్పించాడు. సంఘ బోధకులే మేస్త్రీలు. మన్ను మోసే జనంతో విరామం దొరికినప్పుడల్లా మాట్లాడేవాళ్లు. బాప్తిస్మం ఇమ్మని జనం అడిగారు. క్లౌ ఇవ్వలేదు. కూలి ఇచ్చే చేతితో బాప్తిస్మం ఇస్తే అది కూడు కోసం తీసుకున్నది అవుతుందని ఏడాదికి పైగా ఆపేశాడు. సాయం పనులు ముగిశాకే మొదలుపెట్టాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నది ఒడ్డున ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ అంకె మన సంఘాల్లో అందరికీ తెలుసు, ప్రతి జూబిలీలో చెప్పుకుంటాం. నాకు మాత్రం ఆ అంకె కన్నా అంతకుముందు ఆగిన కాలమే గొప్పగా కనబడుతుంది.

శివాలయం వీధి:
మాస్టారూ, గౌరవంగానే అడుగుతున్నాను. ప్రాణం నిలబెట్టిన మనిషి బోధిస్తే, సాయం ఆగిపోయాక కూడా ఆ మాట కాదనడం తేలికా? దాన్ని పూర్తి స్వేచ్ఛ అనగలమా?

పల్లె మాస్టారు:
మంచి ప్రశ్న బాబూ. పూర్తిగా తేలికని నేను అనను. కృతజ్ఞత కూడా ఒక బరువే. కానీ కరువు రాకముందే పదేళ్లుగా ఈ కదలిక ఉంది, అప్పటికే వేల మంది చేరారు. చేరినందుకు వాళ్లకు దక్కినది చూడండి. చచ్చిన పశువు మాంసం తినం, ఆదివారం పని చేయం, జాతరకు డప్పు కొట్టం అన్నందుకు బావి దగ్గరికి రానివ్వలేదు, పనులు ఆపేశారు, కొట్టారు. లాభం కోసం వచ్చినవాళ్లయితే అక్కడే వెనక్కి పోయేవాళ్లు. మనిషిగా నిలబడాలన్న కోరికతో వాళ్లే తీసుకున్న నిర్ణయం అది. మా తాతల తెలివిని ఎవరో మభ్యపెట్టారని అంటే నాకు కోపం వస్తుంది.

సాక్షి గారు కులం గీత అన్నారు, అది నిజం. పేరయ్య మాట చుట్టరికం వెంట వెళ్లింది కాబట్టి పేటలోనే ఉండిపోయింది. గీత ఎలా దాటిందో దోర్నకల్‌లో చూడొచ్చు. 1912లో అక్కడ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య బాప్తిస్మం తీసుకునేవాళ్ల చేత తమ తల మీద చెయ్యి పెట్టించి, "సువార్త ప్రకటించకపోతే అయ్యో, నాకు శ్రమ" అనిపించేవాడు. కూలివాడైనా, ముసలమ్మైనా సాక్షే. 1930లకు వచ్చేసరికి ఆ ప్రాంతంలో దళితులు కాని కులాల వాళ్లు కూడా పెద్ద సంఖ్యలో సంఘాల్లోకి వచ్చారు. ఎందుకొచ్చారని అడిగితే, మా పాలేళ్లు మారిన తీరు చూసి వచ్చామని చెప్పారు. తాగుడు మానారు, పిల్లల్ని బడికి పంపారు, మాట నిలబెట్టుకున్నారు. వాళ్లను చూసి దొరలు నేర్చుకున్నారు. ఇది జరగడానికి స్టేజీ అక్కర్లేకపోయింది.

రాత్రి డ్యూటీ:
నేను స్టాఫ్ నర్సుని. మాస్టారు గారూ, కరువు గురించి మీరు చెప్పింది మా వార్డుకు సరిగ్గా సరిపోతుంది. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ ఆనా కుగ్లర్ దగ్గర్నుంచి వైద్యం, సువార్త మన దగ్గర జంటగానే నడిచాయి. దానికి నేను దేవుణ్ణి స్తుతిస్తాను. కానీ మంచం మీద మనిషి భయంలో ఉంటాడు. నా చేతిలో సూది ఉంటుంది, అతని పెయిన్ కిల్లర్ టైమింగ్ నా చేతిలో ఉంటుంది. నేను ఏం చెప్పినా తల ఊపుతాడు. అది వినడం కాదు.

అందుకే నాకు నేను పెట్టుకున్న పద్ధతి ఇది. డ్యూటీలో ఉండగా నేనుగా మొదలుపెట్టను. పేషెంటు అడిగితే చెప్తాను. ప్రార్థన కావాలంటే చేస్తాను, అదీ పక్క బెడ్ వాళ్లకు వినబడకుండా. ఒక పెద్దాయన ఆపరేషన్ థియేటర్‌కు తీసుకెళ్లే ముందు స్ట్రెచర్ మీద నా చెయ్యి పట్టుకుని "అమ్మా, నీ దేవుడికి కూడా ఒక మాట చెప్పు" అన్నారు. ఆయన మెడలో రుద్రాక్ష ఉంది. క్యాప్ సరిచేసి, చెయ్యి వదలకుండా ప్రార్థన చేశాను. డిశ్చార్జి రోజు ఆయన ఏమీ అడగలేదు, నేనూ కదిలించలేదు. ఐసీయూ బయట కరపత్రాలు పంచే గుంపులు వస్తుంటాయి. ఏడుస్తున్న మనిషి చేతిలో "నీవు ఎక్కడికి వెళ్తావు?" అనే కాగితం పెడతారు. వాళ్లను నేనే బయటికి పంపిస్తాను.

సిలువ సాక్షి:
అమ్మా, సిలువ మీది దొంగకు మిగిలింది ఆ కొన్ని గంటలే కదా. మీ వార్డులో ఈ రాత్రే ఆఖరి రాత్రి అయిన మనిషి ఉంటాడు. అతనికి ఎవరు చెప్తారు?

రాత్రి డ్యూటీ:
ఆ దొంగ తనే అడిగాడు అయ్యగారూ, "నన్ను జ్ఞాపకము చేసికొనుము" అని. ఆఖరి రాత్రి అయినవాళ్ల పక్కన నేను చాలాసార్లు కూర్చున్నాను, వదిలిపెట్టి వెళ్లను. మనసులో ప్రార్థన చేస్తూనే ఉంటాను. అతని భయాన్ని వాడుకోవడం మాత్రం నావల్ల కాదు. నా ప్రభువు అలా చేయడు.

కొత్తపాలెం కుర్రాడు:
ఎవరూ రాయని సంగతి ఒకటి. సభలో చివర "ప్రభువును అంగీకరించినవాళ్లు చెయ్యెత్తండి, రేపే బాప్తిస్మం" అంటారు. చెయ్యెత్తినవాడికి అయ్యే ఖర్చు స్టేజీ మీద ఎవరూ చెప్పరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉంటేనే ఎస్సీ. క్రైస్తవుడైతే మన దగ్గర బీసీ-సి. ఉద్యోగంలో ఎస్సీ రిజర్వేషన్, అట్రాసిటీ చట్టం రక్షణ, రెండింటికీ ఆ ఎస్సీ సర్టిఫికెట్టే ఆధారం. బాప్తిస్మం తీసుకున్నా కులం మాత్రం వదలదు, టీ గ్లాసు వేరుగానే పెడతారు. ఈ ఉత్తర్వు అన్యాయమని నా గట్టి అభిప్రాయం. అయినా, ప్రసంగీకుడు నాలుగో రోజు కారెక్కి వెళ్లిపోతాడు. సర్టిఫికెట్టు కోసం ఎమ్మార్వో ఆఫీసుకు తిరిగేది, ఇంట్లో అమ్మానాన్నలతో గొడవ పడేది చెయ్యెత్తిన కుర్రాడే. ఏసు కూడా గోపురం కట్టేవాడు ముందు కూర్చుని లెక్క చూసుకోడా అన్నాడు. ఆ లెక్క కూర్చోబెట్టి చెప్పే మనిషి లేకుండా చెయ్యెత్తించకండి.

సిలువ సాక్షి:
తమ్ముడూ, ఇది ఒప్పుకోవాల్సిన మాటే. చెయ్యెత్తిన మర్నాడే బాప్తిస్మం ఇవ్వడం నాకూ ఇష్టం లేదు. ఏడాది పాటు పక్కన ఉండి నేర్పాలి.

గుండ్లకమ్మ తీరం:
అందరికీ థాంక్స్. శనివారం కమిటీలో నేను పెట్టబోయేది చెప్తాను. మూడు రాత్రుల సభ వద్దు. ఒక్క సాయంత్రం, మా చర్చి ఆవరణలోనే, తొమ్మిదికల్లా ముగింపు, బయటి ప్రసంగీకుడు లేకుండా. మా సంఘంలో వాళ్లే ఇద్దరు ముగ్గురు తమ జీవితం గురించి చెప్తారు. బాక్సులు ఆవరణ దాటి పెట్టం. వేరేవాళ్ల దేవుళ్ల పేరు ఎత్తం. చెయ్యెత్తించడం ఉండదు. మిగిలిన డబ్బుతో సాయంత్రం ట్యూషన్, పేట, ఊరు తేడా లేకుండా పదో తరగతి పిల్లలందరికీ. ట్యూషన్‌లో ప్రార్థన పెట్టాలని మా పెద్దలు అడుగుతారు, ఖాయం. క్లౌ బాప్తిస్మం ఆపినట్టే, అక్కడ ప్రార్థన పెట్టకూడదని నా పట్టు.

సిలువ సాక్షి:
ట్యూషన్‌లో ప్రార్థన వద్దంటే ఒప్పుకుంటాను. బాక్సులు ఆవరణ దాటకూడదంటే మాత్రం ఒప్పుకోను. మీ చర్చి పేటలో ఉంది. ఒక్క బాక్సు ఊరి వైపు తిప్పి పెట్టండి, సౌండ్ తగ్గించి, ఆ ఒక్క సాయంత్రమే. మా అమ్మ లాంటివాళ్లు ఏ ఊళ్లోనైనా ఉంటారు.

శివాలయం వీధి:
తొమ్మిదికల్లా ఆపి, మా దేవుళ్ల జోలికి రాకపోతే, ఒక్క బాక్సు మా వైపు తిప్పినా నాకు అభ్యంతరం లేదు. మీ ఊళ్లో నాలాంటివాళ్లను కూడా ముందుగా ఒక మాట అడగండి.

గుండ్లకమ్మ తీరం:
అడుగుతాం అన్నా. రేపే రామాలయం కమిటీ వాళ్ల దగ్గరికి మా పాస్టరు గారు, నేను వెళ్తున్నాం. బాక్సు సంగతి వాళ్లు ఏమంటారో విని, శనివారం మీటింగు అయ్యాక ఇక్కడ రాస్తాను.