చర్చిలో ఆరాధన పాట స్కేల్ (శ్రుతి) ఎవరి గొంతును బట్టి పెట్టాలి?

కీస్_వెనకాల:
రికార్డింగులో ఉన్న స్కేల్ మార్చకూడదని చాలా టీముల పట్టు. పల్లవికి వచ్చేసరికి సంఘం నోరు కట్టేసుకున్నా సరే! సంఘం హాయిగా పాడే స్వరాల మీద నా లెక్క ఇదీ: ఆడవాళ్లకు కీబోర్డ్ మధ్య సి కింద ఉన్న ఎ నుంచి పై డి వరకు, మగవాళ్లకు అదే ఒక ఆక్టేవ్ (ఒక స్థాయి) కింద. స్కేల్ పేరు కాదు, పాటలో అన్నిటికంటే పై స్వరం ఎక్కడుందో చూడండి. జి స్కేల్ (షడ్జమం జి) పాట పంచమం దగ్గర ఆగితే అది డి, ఇబ్బంది లేదు. ధైవతం తగిలితే ఇ, అది పై డి దాటినట్టే. పాటను ఎఫ్ స్కేల్‌కి దించితే సరిపోతుంది.

శ్రుతిపెట్టె:
ఒప్పుకోను బ్రదర్. పల్లవి కోసం దించితే చరణం అడుగుకు పోతుంది. లీడర్‌కే గొంతు పలకకపోతే వెనక ఎవరు అందుకుంటారు?

కీస్_వెనకాల:
అప్పుడు మార్చాల్సింది లీడర్‌ని. ఆ స్కేల్ పలికే గొంతుకే ఆ పాట ఇవ్వండి. టీములో రెండో లీడర్ తయారయ్యేదీ అలాగే. ఏ స్కేల్‌లో పెట్టినా కింది ఎ నుంచి పై డి మధ్య పట్టని పాటైతే సంఘానికి కుదరదు, దాన్ని స్పెషల్ సాంగ్‌గా (టీమే పాడే పాటగా) పాడించండి.

ఆల్టో_వరుస:
చివరి పల్లవిని లీడర్ ఆక్టేవ్ లేపడం ఇంకా పెద్ద తంటా. కొంతమంది పైకి వెళ్తారు, కొంతమంది కిందే ఉంటారు, మిగతావాళ్లు ఆపేస్తారు. ఊపు కావాలంటే మొదటి చరణంలో డ్రమ్స్ ఆపండి, హార్మనీ చివరికి దాచుకోండి.

నాలుగు_తీగలు:
స్కేల్ ఏదైనా రిహార్సల్‌లోనే తేల్చి షీట్ మీద రాయండి. ఆరాధనకు ముందు మారిస్తే కీబోర్డ్ వాళ్లు ట్రాన్స్‌పోజ్ (స్కేల్ మార్చే బటన్) నొక్కుతారు, చేతులు సి మీద ఉంటాయి, మోగేది ఎఫ్. బేస్ గిటార్ వాళ్లకి మాత్రం 'సి' అని చెబుతారు! తర్వాతి పాటకు సున్నాకి తేవడం మరిచారా, ఇంట్రోలోనే బోల్తా. కార్డ్స్‌ని, స్కేల్‌లో ఎన్నో స్వరం మీదవో చూసి, 1, 4, 5, 6 అని అంకెల్లో రాసుకుంటే ఈ గొడవ ఉండదు. గిటార్‌కి ఎఫ్ కావాలంటే మూడో ఫ్రెట్‌లో కాపో (తీగల్ని నొక్కిపట్టే క్లిప్), డి స్కేల్ కార్డ్ షేపులు.

శ్రుతిపెట్టె:
అంకెలు సరే. చరణం వినబడదన్న మాటకు జవాబేది?

నాలుగు_తీగలు:
అది మిక్స్ (వాద్యాలు, గొంతులు కలిసి వినబడే తీరు) సంగతి. కీబోర్డ్ ఎడమచేయి, బేస్, మగగొంతు మూడూ కిందే గుమిగూడితే మాట మునుగుతుంది. చరణంలో ఎడమచేయి తీసేయమనండి, గిటార్ కాస్త పై షేపుల్లో వాయించాలి. అప్పటికీ మాట తేలకపోతే అర స్వరం పెంచండి, అంతకు మించి వద్దు.


శ్రుతిపెట్టె:
అర స్వరం పెంచితే పై డి దాటదా మరి?

కీస్_వెనకాల:
దాటుతుంది, ఇ ఫ్లాట్. మెలోడీ దాన్ని ఒక్కసారి తాకి దిగిపోతే సంఘం లాక్కొస్తుంది. పల్లవంతా అక్కడే నిలబడితే పెంచొద్దు.