ఎస్ఆర్ఎస్‌ని (సాఫ్ట్‌వేర్ ఏం చేయాలో రాసుకునే పత్రం) ఫార్మల్‌గా, అంటే లెక్కల్లాంటి కచ్చితమైన లాజిక్‌తో, రాయడానికి ఏ టూల్ వాడుతున్నారు?

చిత్తూరు దగ్గర ఒక మామిడి పల్ప్ ఫ్యాక్టరీకి టోకెన్లు, కాటా చూసుకునే సాఫ్ట్‌వేర్ చేస్తున్నాం. సీజన్‌లో తోతాపురి లోడుతో ట్రాక్టర్లు గేటు బయట బారులు తీరి ఉంటాయి, లోడు వెనక్కి పంపితే దాని టోకెన్ ఏమవ్వాలి అన్నదానికి మేనేజర్ ఒకటి చెప్తాడు, కాటా దగ్గరున్నాయన ఇంకోటి చెప్తాడు. అన్నీ వర్డ్‌లో రాసుకుంటూ పోయాం, ఇప్పుడు ఏ పేజీకి ఏ పేజీ అడ్డం వస్తుందో తెలియట్లేదు. ఇలా లాజిక్‌తో రాసే భాషలకి జెడ్, బి, అల్లాయ్, టీఎల్ఏ ప్లస్ అని పేర్లు విన్నా. మా టీమ్‌లో లాజిక్ అంటే టెన్షన్ పడేవాళ్లే ఎక్కువ. రిక్వైర్‌మెంట్లు రాసిపెట్టుకునే డోర్స్ అనే సాఫ్ట్‌వేర్ కొంటే సరిపోతుందా?

జవాబు 1
డోర్స్ వద్దు అన్నా. అది ప్రతి రిక్వైర్‌మెంట్‌కీ నంబరిచ్చి, ఏది దేనికి లింకో, ఎప్పుడు మారిందో చూపిస్తుంది, అంతే. రెండు వాక్యాలు కొట్టుకుంటున్నాయని చెప్పదు. అల్లాయ్‌తో మొదలుపెట్టు. ఎంఐటీలో డేనియల్ జాక్సన్ వాళ్లు చేసింది, ఉచితం, జావా ఉంటే చాలు. లోడు, టోకెన్, రైతు అని రాసి, "రద్దయిన టోకెన్‌తో ఏ లోడూ కాటా ఎక్కకూడదు" అని చెక్ పెడితే, అది తప్పే సందర్భం దొరికితే బొమ్మ గీసి చూపిస్తుంది. ఆ బొమ్మ మేనేజర్‌కి చూపించు, కోడ్ చూపించొద్దు. టోకెన్ స్థితి మారుతూ ఉంటుంది కాబట్టి 2021లో వచ్చిన అల్లాయ్ 6 తీసుకో. ఒకటి గుర్తుపెట్టుకో, నువ్విచ్చిన హద్దు లోపలే వెతుకుతుంది, ఐదు లోడుల్లో తప్పు దొరకలేదంటే ఆరో లోడుకి గ్యారంటీ లేదు.

జవాబు 2
లాజిక్ భయమైతే నాసా వాళ్ల ఫ్రెట్ కూడా చూడండి, ఓపెన్ సోర్సే. కట్టుదిట్టమైన ఇంగ్లిష్ వాక్యం రాస్తే టెంపోరల్ లాజిక్‌గా (ఏది ముందు, ఏది తర్వాత అని చెప్పే లాజిక్) అదే మారుస్తుంది. కాకపోతే "ఇది జరిగిన ఇంతసేపట్లో అది జరగాలి" లాంటి వాటికే బాగా పనికొస్తుంది, ఎవరి లోడుకి ఏ టోకెన్ అనే లెక్కలకు కాదు. రెండు గేట్ల దగ్గర ఒకేసారి టోకెన్లు ఇస్తుంటే మాత్రం టీఎల్ఏ ప్లస్. బి జోలికి పోవద్దు, 1998లో మొదలైన పారిస్ మెట్రో 14వ లైన్ భద్రతా సాఫ్ట్‌వేర్‌కి వాడారు కానీ మామిడికాయలకు అంత ఎందుకండీ.

జవాబు 3
మొత్తం డాక్యుమెంట్‌ని ఫార్మల్ చేయబోకండి. టోకెన్ పుట్టినకాడి నుంచి రద్దయ్యేదాకా ఒక్కటే తీసుకోండి. రిపోర్టులు, బిల్లు ఫార్మాట్లు వర్డ్‌లోనే ఉండనీండి, వాటితో ఎవరికీ గొడవ లేదు.

అడిగినవారు
అల్లాయ్ వేసి చూశా. మొదట్లోనే ఒకే ట్రాక్టర్‌లో ఇద్దరు రైతుల కాయలు, టోకెన్ మాత్రం ఒకటే అని బొమ్మ వచ్చింది. మేనేజర్‌కి చూపిస్తే "రోజూ జరిగేదే కదయ్యా, నీకెవరూ చెప్పలేదా?" అన్నాడు. సగం కాయలు వెనక్కి పంపితే డబ్బు ఎవరికి ఎంత అని అడిగా, ఇంకా జవాబు రాలేదు.