ఆసామి సంతకం పెట్టనంటున్నారు, కౌలు కార్డు వచ్చే దారేంటి?

కర్లపాలెం కోడలు:
అందరికీ నమస్కారం. మాది బాపట్ల జిల్లా. సొంతానికి సెంటు భూమి లేదు. ఏడేళ్లుగా నాలుగెకరాలు కౌలుకు చేస్తున్నాం. ఆసామి గారు హైదరాబాద్‌లో ఉంటారు. మనిషి మంచివారే, పంట పోయిన ఏడాది కౌలులో ఎకరానికి మూడు బస్తాలు తగ్గించారు. కాగితం మాటెత్తితే మాత్రం "నోటిమాట చాలమ్మా" అంటారు.

2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫాను మా బాపట్ల దగ్గరే తీరం దాటింది. అప్పటికి మా వరి కోసి పనల మీదుంది. మూడో రోజు నీళ్లలోంచి ఒక పన ఎత్తి చూశాను. వెన్నుకున్న గింజల్లోంచే తెల్లగా మొలకలొచ్చేశాయి, పుల్లటి వాసన. ఎరువుల కొట్లో బాకీ మా పేరున, ఈ-క్రాప్ (సర్కారు పంట నమోదు) ఆసామి పేరున. పంట నష్టం డబ్బులు ఆయన ఖాతాలోనే పడ్డాయి. అడగడానికి నోరు రాలేదు.

ఇప్పుడు అన్నదాత సుఖీభవ ఏడాదికి 20 వేలు అంటున్నారు. కౌలు కార్డుంటే మాకూ వస్తుందట. ఆయన్ని ఎలా ఒప్పించాలి?

పొలంగట్టు:
అక్కా, నేనూ కౌలు రైతునే, తెనాలి వైపు. ముందొక సంగతి. ఆ 20 వేలలో పీఎం కిసాన్ 6 వేలు కలిసే ఉన్నాయి. పీఎం కిసాన్ భూమి ఉన్నవాళ్లకే, కౌలు రైతుకు రాదు. మనకేదైనా వస్తే రాష్ట్రం ఇచ్చేదే, దానికి కార్డు ఉండాలి.

2011 చట్టం ఉన్నప్పుడు ఆసామి సంతకం లేకుండానే రుణ అర్హత కార్డు ఇచ్చేవాళ్లు. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చాక సంతకం తప్పనిసరైంది. నన్నడిగితే మన కష్టమంతా అక్కడే మొదలైంది. చేలో దిగేది మనం, కార్డు రావాలంటే ఊళ్లో లేని మనిషి ఒప్పుకోవాలి.

ఊరొదిలిన రైతుబిడ్డ:
అమ్మా, నేను మీకు అవతలి వైపు మనిషిని. రేపల్లె దగ్గర రెండెకరాలు కౌలుకిచ్చి బెంగళూరులో ఉంటున్నాను. మా నాన్న పోయేదాకా చెప్పిన మాట ఒకటే: "ఒకరికే వరసగా ఇవ్వకు, కాగితం రాయకు." భూమి చేజారుతుందేమోనని పాత కౌలుదారీ చట్టం నాటి భయం అది. నేనూ చాలా ఏళ్లు సంతకం పెట్టలేదు.

నా మనసు మార్చింది కౌలు కార్డుకు సంతకం పెట్టే ఆ ఫారమే. మా కౌలు రైతు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాడు. గడువు 11 నెలలే. హక్కు పంట మీదే, భూమి మీద కాదు. అది కళ్లారా చదువుకున్నాక సంతకం పెట్టాను. మీరూ ఫారం పంపండి. వీలైతే వీఆర్వో గారితో ఒకసారి ఫోన్ చేయించండి, మీరు చెప్పేదానికన్నా ఆయన మాట మీద గురి కుదురుతుంది. కార్డు మీరు తీసుకున్నంత మాత్రాన ఆయన పీఎం కిసాన్ ఆగదని కూడా చెప్పండి, చాలామందికి అదే టెన్షన్.

ఇంకోటి, ఆ భూమి మీద ఆయన పంట రుణం తీసుకున్నారేమో మెల్లగా కనుక్కోండి. తీసుకుని ఉంటే బ్యాంకు అదే భూమి మీద మీకు మళ్లీ ఇవ్వదు. సంతకానికి వెనకాడేది అందుకే అయ్యుండొచ్చు.

పొలంగట్టు:
ఆ అన్న చెప్పింది నిజం. కార్డొచ్చాక ఈ-క్రాప్ దగ్గర ఏమరకు అక్కా. రైతు సేవా కేంద్రంలో సాగుదారు పేరు మీది పడిందో లేదో చూసుకున్నాకే వేలిముద్ర వెయ్యి. ధాన్యం అమ్మిన డబ్బు, పంట నష్టం, బీమా అన్నీ దాన్ని పట్టుకునే వస్తాయి.

కర్లపాలెం కోడలు:
ఇద్దరికీ దణ్ణాలు. రుణం సంగతి మాకు తట్టనే లేదు. సొసైటీలో ఆయన పేరున లోనున్నట్టు మా ఆయన ఎప్పుడో విన్నారట. ఆదివారం ఫోన్ చేసి, లోను జోలికి మేం రాం, ఈ-క్రాప్ మా పేరున పడితే చాలని అడుగుతాం. ఫారం ఫోటో రేపే పంపిస్తాను. నారు పోయకముందే ఈ పని తేలాలి.