అబ్రాహామును నీతిమంతుడిగా ఎంచింది నమ్మినందుకా, లోబడినందుకా?

ఒలీవకొమ్మ:
అందరికీ వందనాలు. మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక మా సంఘంలో పెద్ద వాదనే జరిగింది. యాకోబు పత్రిక 2వ అధ్యాయం చదువుతుంటే ఒక తమ్ముడు లేచాడు. "రోమా 4లో పౌలు ఏమో అబ్రాహాము నమ్మినందుకే నీతిమంతుడయ్యాడంటాడు, క్రియల వల్ల కాదంటాడు. ఇక్కడ యాకోబు ఏమో కొడుకు ఇస్సాకును బలిపీఠం మీద పెట్టినందుకు అంటాడు. ఇద్దరూ చూపించే వచనం ఒకటే, ఆదికాండం 15:6: అబ్రాహాము దేవుణ్ణి నమ్మాడు, అది అతనికి నీతిగా ఎంచబడింది. ఎవరి మాట పట్టుకోవాలి?" అని అడిగాడు. పెద్దలు "రెండూ నిజమే బాబూ" అని కూర్చోబెట్టారు. నాకు ఆ జవాబు చాలలేదు.

నేను పౌలు వైపే. వరస చూడండి. 15వ అధ్యాయంలో ఆ మాట వచ్చేనాటికి అబ్రాహాముకు సున్నతి లేదు, అది 17లో. ఇస్సాకు పుట్టనే లేదు, అది 21లో. ధర్మశాస్త్రం ఆ తర్వాత 430 ఏళ్లకు వచ్చిందని గలతీ పత్రికలో లెక్క చెప్పి మరీ రాశాడు. చూపించుకోవడానికి ఏ క్రియా లేని రోజున దేవుడు నీతిమంతుడన్నాడు. యూదులు క్రియలతో సంపాదించుకోవాలని చూశారు, మనకు కృపగా దొరికింది. తేడా అదే కదా?

దీపస్తంభం:
అన్నా, ఏ క్రియా లేదని ఎలా అంటారు? 12వ అధ్యాయంలో "నీ దేశం, నీ బంధువులు, నీ తండ్రి ఇల్లు విడిచి వెళ్లు" అంటే 75 ఏళ్ల వయసులో హారాను నుంచి బయల్దేరాడు. అది లోబడడం కాదా? హెబ్రీ 11:8 చూడండి, విశ్వాసాన్నీ ఆ ప్రయాణాన్నీ ఒకే వాక్యంలో పెట్టింది. మేం కతోలికులం, యాకోబు పత్రిక మాకెప్పుడూ అడ్డు రాలేదు. ప్రొటెస్టెంటు ఉద్యమం మొదలుపెట్టిన లూథర్ 1522లో దాన్ని గడ్డి పత్రిక అన్నాడు గానీ, ఆయన పేరుతో నడిచే సంఘాలే 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో మా సంఘంతో కలిసి నీతిమంతులుగా తీర్చబడడం గురించి ఉమ్మడి ప్రకటన మీద సంతకం చేశాయి. కృపే మొదలు, మంచి క్రియలు దాని ఫలం అని ఇద్దరూ ఒప్పుకున్నారు.

నల్లరేగడి:
ఒలీవకొమ్మ గారూ, మీ చివరి మాట దగ్గర ఆగాలి. "యూదులు క్రియలతో సంపాదించుకోవాలని చూశారు" అని మన ప్రసంగాల్లో ఎన్నిసార్లు విన్నామో! వాళ్ల గ్రంథాలు తెరిస్తే ఆ మాట నిలబడదు. పది ఆజ్ఞలు ఎలా మొదలవుతాయి? "ఐగుప్తులో (ఈజిప్టులో) దాస్య గృహం నుంచి నిన్ను బయటికి తెచ్చిన దేవుణ్ణి నేనే." ముందు విడుదల, తర్వాతే ఆజ్ఞ. సముద్రం దాటాకే ఆజ్ఞలిచ్చిన సీనాయి కొండ. ఆజ్ఞలు పాటించారని ఎవర్నీ ఐగుప్తు నుంచి తీసుకురాలేదు. బైబిలు పండితుడు ఇ.పి. శాండర్స్ 1977లో పౌలు గురించి, పాలస్తీనా యూదుల గురించి రాసిన పుస్తకంలో చూపించింది ఇదే: నిబంధనలోకి, అంటే దేవుడు తన ప్రజలతో చేసుకున్న ఒప్పందంలోకి, రావడం దేవుడు ఎన్నుకున్నందువల్ల, లోబడడం ఆ నిబంధనలో ఉన్నవాళ్లు బతికే తీరు.

ఇక 15వ అధ్యాయం. మనం 6వ వచనం దగ్గర ఆగిపోతాం, అసలు సంగతి ఆ తర్వాతే ఉంది. మూడేళ్ల పెయ్య, మూడేళ్ల మేక, మూడేళ్ల పొట్టేలు, ఒక గువ్వ, ఒక పావురం పిల్ల. పశువుల్ని నడిమికి చీల్చి ముక్కల్ని ఎదురెదురుగా పేర్చాడు. గద్దలు వాలుతుంటే తోలుతూ కూర్చున్నాడు. పొద్దు గుంకింది, గాఢనిద్ర పట్టింది, భయంకరమైన చీకటి కమ్మింది. అప్పుడు పొగలు కక్కే పొయ్యి, మండే జ్వాల ఆ ముక్కల మధ్య నుంచి సాగిపోయాయి.

దాని అర్థం యిర్మీయా 34లో దొరుకుతుంది. బబులోను సేన చుట్టుముట్టినప్పుడు సిద్కియా రాజు, యెరూషలేము జనం దాసదాసీల్ని విడిచిపెడతామని నిబంధన చేశారు. దూడను రెండుగా కోసి మధ్య నుంచి నడిచారు. సేన కాస్త వెనక్కి తగ్గగానే విడిచినవాళ్లను మళ్లీ పట్టుకొచ్చి దాసుల్ని చేశారు. "వీళ్లను ఆ దూడలా చేస్తాను" అన్నాడు దేవుడు. అంటే ముక్కల మధ్య నడవడమంటే, మాట తప్పితే నాకూ ఇదే గతి అని ఒట్టు పెట్టడం. ఆదికాండం 15లో అబ్రాహాము నడవలేదు, నిద్రలో ఉన్నాడు. నడిచింది దేవుడికి గుర్తుగా ఆ పొయ్యి, ఆ జ్వాల మాత్రమే. కృప అంటే ఇంతకంటే ఏం కావాలి? ఇది యూదుల తోరాలోనే, అంటే మోషే ఐదు గ్రంథాల్లోనే ఉంది.

ఒలీవకొమ్మ:
చాలా బాగా చెప్పారు. అయితే సీనాయి నిబంధన అలా లేదే. ద్వితీయోపదేశం 28లో వింటే దీవెన, వినకపోతే శాపం. అందుకే కదా యిర్మీయా 31లో దేవుడు కొత్త నిబంధన చేస్తానన్నాడు?

నల్లరేగడి:
అన్నాడు. కానీ ఆ కొత్త నిబంధనలో ఏం చేస్తానన్నాడో చూడండి: నా ధర్మశాస్త్రాన్ని వాళ్ల హృదయం మీద రాస్తాను. ఆజ్ఞల్ని తీసేస్తాననలేదు, లోపలికి తెస్తానన్నాడు. శాపం సంగతికొస్తే, లేవీయకాండం 26 కూడా శాపాలతో నిండిందే. అయినా చివర్లో, వాళ్లు శత్రువుల దేశంలో ఉన్నా నా నిబంధన భంగం చేయను అంటుంది.

రబ్బీల (యూదు మత గురువుల) బోధల సంకలనమైన తాల్మూదులో మక్కోత్ అనే భాగంలో ఒక మాట ఉంది. మోషేకు 613 ఆజ్ఞలు వచ్చాయి. దావీదు వాటిని 11కు తెచ్చాడు, యెషయా 6కు, మీకా 3కు. చివరికి హబక్కూకు ఒక్కదానికి తెచ్చాడు: నీతిమంతుడు తన విశ్వాసం వల్ల బతుకుతాడు. రోమా 1:17లో పౌలు ఎత్తింది సరిగ్గా ఆ వచనమే. రబ్బీలు దాని పేరు చెప్పి ఒక్క ఆజ్ఞనూ వదులుకోలేదు.

తెనాలి_చదువరి:
నేను ఏ సంఘానికీ వెళ్లను, చదువుతుంటానంతే. మీరంతా ఆదికాండం 22వ అధ్యాయాన్ని, ఇస్సాకును బలివ్వమని దేవుడు అబ్రాహాముకు చెప్పిన కథను, చాలా తేలిగ్గా దాటేస్తున్నారు. కట్టెలు కొడుకు భుజాన పెట్టి, నిప్పు, కత్తి తను పట్టుకుని నడిచాడు. "నాన్నా, నిప్పుంది, కట్టెలున్నాయి, గొర్రెపిల్ల ఏది?" అని ఆ పిల్లవాడు అడిగాడు. ఏ మాటకైనా లోబడడమే భక్తి అయితే నాకు భయమేస్తుంది. దేవుడు చెప్పాడని చెప్పి పిల్లల మీద చెయ్యెత్తేవాళ్లకు ఈ కథ ఏం నేర్పుతుంది?

దీపస్తంభం:
మీ భయం న్యాయమైనదే. కానీ కథ ఆ కత్తి దగ్గర ఆగలేదు, దూత ఆకాశం నుంచి పిలిచి ఆపాడు. యూదులు కొత్త సంవత్సరం రెండో రోజున ఈ అధ్యాయమే చదువుతారు, పొట్టేలు కొమ్ము ఊదుతారు. బలి అయింది పొట్టేలే, కొడుకు కాడు. ఒలీవకొమ్మ గారికి ఇంకొకటి: మా బైబిల్లో మక్కబీయుల మొదటి గ్రంథం ఉంది. 2:52లో యూదుల తిరుగుబాటు మొదలుపెట్టిన మత్తతీయ చనిపోతూ కొడుకులకు చెప్తాడు, పరీక్షలో నమ్మకంగా నిలిచినందుకే అబ్రాహామును నీతిమంతుడిగా ఎంచారని. 15నూ 22నూ కలిపి చదవడం యాకోబుతో మొదలవలేదు, అంతకుముందే యూదుల ఇళ్లలో ఉంది.

తెనాలి_చదువరి:
దూత ఆపాడు, సరే. ఆపేదాకా ఎత్తిన చెయ్యి ఎవరిది? 18వ అధ్యాయంలో ఇదే అబ్రాహాము, పాపం వల్ల నాశనం కాబోతున్న సొదొమ ఊరి కోసం దేవుణ్ణే నిలదీశాడు. "సర్వలోకానికి తీర్పరి న్యాయం చేయడా?" అని, 50 మంది నీతిమంతులుంటే ఊరిని వదిలేయమని మొదలుపెట్టి 10 మంది దాకా బేరమాడాడు. తనది కాని ఊరి కోసం అంత వాదించినవాడు కొడుకు కోసం ఒక్క మాట అనలేదు. నమ్మకమే అయితే ఆ నమ్మకంతోనే అడగొచ్చు కదా? నల్లరేగడి గారూ, మీరు చెప్పిన ఆ నిబంధనలో మనిషికి అడిగే హక్కుందా, లేదా? దీనికి జవాబు చెప్పండి.

నల్లరేగడి:
ఉంది. కీర్తన 44 చదవండి. "మేము నిన్ను మరువలేదు, నీ నిబంధన మీరలేదు. ఎందుకు మమ్మల్ని మరిచావు?" అని దేవుడి ముఖం మీదే అడుగుతుంది, అదీ గుడిలో పాడుకోవడానికి రాసిన పాట. నిబంధన ఉంది కాబట్టే ఆ అడిగే చోటు ఉంది. కొడుకును బలివ్వబోయిన మోరియాలో అబ్రాహాము ఎందుకు అడగలేదో మాత్రం హెబ్రీ 11:19 చెప్పే కారణం, దేవుడు చచ్చినవాణ్ణి లేపగలడని అనుకున్నాడని, నన్ను పూర్తిగా ఒప్పించదు. 18 చదివినవాడెవడైనా 22లో ఆ మౌనానికి ఉలిక్కిపడాలి. మా బైబిల్ స్టడీలో ఇకపై ఆ రెండు అధ్యాయాల్నీ ఒకే రోజు చదివిస్తాను.