ఎమర్జెన్సీ అలర్ట్ లాకెట్‌కి పేటెంట్ వస్తుందా? తెలిసినవాళ్లు చెప్పండి

ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల కోసం మెడలో వేసుకునే అలర్ట్ పరికరం ఒకటి నేనూ మా ఫ్రెండూ కలిసి తయారు చేస్తున్నాం. బటన్ నొక్కితే ఫోన్ వెళ్లడం పాత సంగతే, దానికి పేటెంట్ రాదని తెలుసు. మాది, మనిషి పడ్డట్టు యాక్సెలరోమీటర్ (కదలికల్ని కొలిచే సెన్సార్) పసిగట్టగానే కాల్ చేసేయదు, ముందు సన్నగా వైబ్రేట్ అవుతుంది, లాకెట్‌ని గుప్పిట్లో పట్టుకుంటే ఆగిపోతుంది, పట్టుకోకపోతేనే ఇంట్లోవాళ్లకి కాల్ వెళ్తుంది. చేతులు వణికేవాళ్లు చిన్న బటన్ వెతుక్కుని నొక్కలేరు కదా, అందుకని ఇలా.

వెతికితే ఇంచుమించు ఇలాంటిదే ఒక పాత పేటెంట్ కనిపించింది. బొమ్మలు చూసి టెన్షన్ పడ్డాను కానీ, అసలు హక్కు క్లెయిముల్లో (ఏది తమదో చెప్తూ పేటెంట్‌లో రాసుకునే వాక్యాల్లో) రాసినదానికే కదా? అందులో ఉన్న ఒకే ఒక్క స్వతంత్ర క్లెయిములో (ఇంకో క్లెయిము మీద ఆధారపడనిది) పడటం గుర్తించడం, కాసేపు ఆగడం, బటన్‌తో రద్దు చేయడం, మూడూ కలిపి ఉన్నాయి. మా దాంట్లో బటనే లేదు. అంటే ఉల్లంఘన కానట్టేనా, లేక గుప్పిట పట్టడమూ బటన్‌తో సమానమే అంటారా? మామూలుగా దాఖలు చేసిన 20 ఏళ్లకి గడువు అయిపోతుంది, మధ్యలో ఫీజు కట్టకపోయినా పోతుంది, మరి ఇది ఇంకా అమల్లో ఉందో లేదో ఎక్కడ చూడాలి?

మావాడేమో వీడియో పెట్టేద్దాం అని ఒకటే గొడవ. అప్లికేషన్ వేయకముందే బయటపెడితే చాలా దేశాల్లో కొత్తదనం పోయినట్టే అని ఆపాను. ముందు ప్రొవిజనల్ (తాత్కాలిక అప్లికేషన్) వేసి, 12 నెలల్లోపు పూర్తిది వేస్తే సరిపోతుందా? ఇలాంటి పరికరానికి అప్లికేషన్ వేసినవాళ్లు ఉంటే చెప్పండి, ప్లీజ్.