అప్‌డేట్: కాంగ్షీ ముద్ర ఉన్న నీలి జాడీ సంగతి తేలింది

సింగపూర్‌లో పాత సామాన్ల అంగడిలో కొన్న జాడీ గురించి మూడు నెలల క్రితం ఇక్కడ అడిగాను. బీటలు వారిన మంచులాంటి నీలి నేల మీద తెల్లని ప్లమ్ పూలు, అడుగున జంట వలయాల లోపల నాలుగు చైనా అక్షరాలు. కాంగ్షీ చక్రవర్తి కాలంలో (1662–1722) చేసినదని వాటి అర్థం. నిజంగా అప్పటిదేనా అన్నది నా ప్రశ్న.

కాదు. పింగాణీ నిపుణురాలు జాడీని తిరగేసి చూసి గ్వాంగ్షూ చక్రవర్తి కాలం (1875–1908) నాటిదని తేల్చేశారు. పాత చక్రవర్తుల పేర్లు రాయడం చైనాలో మామూలేనట, అన్నిసార్లూ మోసం కాదట. "ముద్రను మరిచిపోండి, అడుగు అంచు చూడండి" అని ఇక్కడ జవాబిచ్చినవారి మాటే నిలిచింది. మెరుగు లేని ఆ అంచు మీద వేలు తిప్పితే గరుకుగా తగులుతుంది. కాంగ్షీ నాటి మంచి పనిలో అది నున్నగా ఉంటుందని ఆవిడ చెప్పారు.

అతినీలలోహిత టార్చి కొనమన్నవారికి ప్రత్యేక ధన్యవాదాలు. చీకటి గదిలో వెలిగిస్తే మూతి దగ్గర గోరంత మేర పాలలా మెరిసింది. ఎవరో అతికి రంగు వేశారు! ఇన్నాళ్లూ తుడుస్తూ కూడా గమనించలేదు.

చెంచాతో కొట్టి విన్న మోత, తూచిన బరువు దేనికీ పనికిరాలేదు. చెక్క మూత తర్వాత చేర్చినది, కాలానికి సాక్ష్యం కాదు.

జాడీ అలమారాలోనే ఉంది, అతుకు గోడ వైపు తిప్పి.