‘కారం’ అంటే మిరపా, సోడానా, ఉప్పా? లేబుళ్ల మీద ఏ భాషలో ఏం రాయాలి?

పొడుల_డబ్బా (గుంటూరు):
నాలుగు పొడులకు లేబుళ్లు వేయించాలి: ఉట్టి కారం, కూర కారం, వెల్లుల్లి కారం, నల్లకారం. సరుకు బెంగళూరు, చెన్నై, కొచ్చి, పుణె, నాగపూర్ వెళ్తుంది. అనువాదం చేసిచ్చిన కాగితంలో ‘కారం’ ఉన్నచోటల్లా హిందీలో ‘ఖారా’, మలయాళంలో ‘కారం’, తమిళంలో ‘కారప్పొడి’ అని ఉంది. హిందీవాళ్లు ఖారా అంటే ఉప్పన అంటున్నారు. మలయాళీలు సోడా అనుకుంటారట! ఒకే మాట ఇన్ని రకాలుగా ఎలా చీలింది? అసలది మనదేనా, సంస్కృతమా? ముందుగా, లేబుల్ మీద ఏం వేయమంటారు?

మాట_మూట (విజయవాడ):
ఆ కాగితాన్ని ప్రెస్‌కి పంపకండి. మన ‘కారం’ మూడు పనులు చేస్తుంది. ‘పప్పు కారంగా ఉంది’ అంటే రుచి. ‘రెండు చెంచాల కారం వెయ్యి’ అంటే ఎండుమిరప దంచిన పొడి. ఉల్లికారం, కరివేపాకు కారం, పండుమిరప తొక్కిన కొరివికారం అంటే ఏకంగా వంటకం. పక్క భాషల్లో ఈ మూడింటికీ సరిపోయే మాట దాదాపు లేదు. డబ్బాలో ఏముందో చూసి, దాన్ని అక్కడివాళ్లు ఏమంటారో అదే వేయాలి.

ఉట్టి కారానికి:
కన్నడం: అచ్చ ఖారద పుడి. ‘అచ్చ’ తప్పక ఉండాలి. ఉట్టి ‘ఖారద పుడి’ అంటే ధనియాలు కలిసిన పొడి అనుకునే ఇళ్లున్నాయి.
తమిళం: మిళగాయ్ తూళ్. ‘మిళగాయ్ పొడి’ అని వేస్తే ఇడ్లీలో నూనె పోసి నంజుకునే పప్పుల పొడి అనుకుంటారు. ‘కారం’ అని ఒంటరిగా వేస్తే మిఠాయి కొట్లో మురుకులు, మిక్చర్ గుర్తొస్తాయి.
మలయాళం: ముళగుపొడి. రుచి చెప్పాలంటే ‘ఎరివు’. ‘కారం’ జోలికి పోవద్దు.
హిందీ: లాల్ మిర్చ్ పౌడర్, రుచికి ‘తీఖా’.
మరాఠీ: తిఖట. రుచికీ పొడికీ ఒకటే మాట. మన వాడుకకు బాగా దగ్గరగా వస్తుంది.

కూర కారంలో ధనియాలు, జీలకర్ర, మెంతులు, వెల్లుల్లి ఉంటాయి కనుక తమిళంలో ‘కుళంబు మిళగాయ్ తూళ్’ అనండి, అక్కడి వంటింట్లో దాని చోటు అదే. ఇంకొకటి: ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ) నిబంధన ప్రకారం తప్పనిసరి వివరాలు ఇంగ్లీషులో గానీ దేవనాగరి లిపిలో హిందీలో గానీ ఉండాలి. మిగతా భాషలు అదనం మాత్రమే.

పాతపుటలు:
పుట్టుక సంగతి. సంస్కృతంలో ‘క్షారం’ ఉంది; ‘క్షర్’ అంటే కారడం, కరిగిపోవడం. మొక్కల్ని కాల్చి, ఆ బూడిదను నీళ్లలో కలిపి, వడగట్టి, మరిగిస్తే మిగిలేది క్షారం. బార్లీ మొక్కల నుంచి తీస్తే యవక్షారం, అదే హిందీలో జవాఖార్. ప్రాకృతంలో ‘క్ష’ రెండు దారులు పట్టింది. ఒక దారిలో ‘ఖార’ అయితే, మరో దారిలో ‘ఛార’ అయింది. హిందీలో ‘ఛార్’ అంటే బూడిదే. (మలయాళంలో కూడా చారం అంటే బూడిద. మన చారుతో దీనికి చుట్టరికం కలపకండి!)

అస్సాంలో ఎండిన అరటి తొక్కల్ని కాల్చి, బూడిద నీళ్లు వడగట్టి వంటలో పోస్తారు. ఆ నీళ్ల పేరూ ‘ఖార్’, వాటితో వండిన కూర పేరూ ‘ఖార్’. అందులో పనిచేసేది పొటాషియం కార్బొనేట్. ఉత్తరాదిన అప్పడాల పిండిలో కలిపే ‘పాపడ్ ఖార్’ కూడా ఈ జాతిదే. మలయాళంలో అప్పక్కారం అంటే వంటసోడా, అలక్కుకారం అంటే చాకలి సోడా. కాబట్టి మలయాళం వంటల పుస్తకంలో ‘కారం ఒక చిటికెడు’ అని ఉంటే మిరప్పొడి డబ్బా తియ్యకండి. అప్పం పొంగదు, నోరు మాత్రం మండుతుంది.

మన దగ్గరా ఈ అర్థం చావలేదు. కంసాలులు టంకం పెట్టేటప్పుడు వాడే వెలిగారం: వెలి అంటే తెలుపు, వెలి + కారం. కన్నడంలో బిళిగార, తమిళంలో వెంగారం, రెండూ ‘తెల్ల కారమే’. బళ్లో చదివే ఆమ్లం, క్షారంలోని క్షారాన్ని తమిళ పాఠ్యపుస్తకం నేరుగా ‘కారం’ అంటుంది.

మరి ఉత్తరాదిన ఉప్పన, మన దగ్గర మంట ఎందుకైంది? చరక సంహిత సూత్రస్థానం 26వ అధ్యాయంలో రుచులెన్ని అని ఋషుల మధ్య వాదన నడుస్తుంది. ఒకాయన క్షారాన్ని ఏడో రుచిగా లెక్కిస్తాడు. గురువైన ఆత్రేయుడు ఒప్పుకోడు: క్షారం రుచి కాదు, ద్రవ్యం; అందులో చాలా రుచులున్నాయి, ఎక్కువపాళ్లు కటువూ (ఘాటు), లవణమూ (ఉప్పన) అంటాడు. హిందీ, గుజరాతీ లవణం వైపు లాక్కున్నాయి, మనమూ కన్నడిగులూ కటువు వైపు లాక్కున్నాం. నా మటుకు ఇంతకంటే చక్కని ఆధారం అక్కర్లేదు.

దక్షిణగాలి:
పాతపుటలు గారూ, సోడా, వెలిగారం వరకు మీతో వస్తాను. నాలుక మంట కూడా క్షారం నుంచే వచ్చిందంటే ఒప్పుకోను. తమిళంలో ‘కార్’ అని క్రియాధాతువే ఉంది, ఘాటుగా ఉండటం అని అర్థం. ఆరు రుచుల పట్టికలో ఘాటు పేరు ‘కార్ప్పు’. అరువు తెచ్చుకున్న నామవాచకం ఇలా క్రియగా వేళ్లూనడం అరుదు. ద్రావిడ ‘కార్’ ఒకటి, సంస్కృత ‘క్షారం’ ఒకటి. ఉచ్చారణ కలిసిపోయి రెండు ఏరులు ఒక కాలవలో పడ్డాయి. కన్నడంలో ‘ఖార’ అని ఒత్తు పలకడం క్షారం ప్రభావమే కావచ్చు, అదొక్కటీ మీ ఖాతాలో వేసుకోండి.

కారమంటే మొదట మిరప కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. మిరపను పోర్చుగీసులు తెచ్చింది 16వ శతాబ్దంలో. అంతకుముందు ఘాటంటే త్రికటు: శొంఠి, పిప్పళ్లు, మిరియాలు. తమిళ మిళగు మిరియం, మిళగాయ్ మిరపకాయ. పాతదాని పేరుకు ‘కాయ’ తగిలించి కొత్తదాన్ని పిలిచారు.

ఇక నమస్కారం, ఓంకారం, అలంకారం, మమకారం వీటితో కలవవు. వీటిలో ఉన్నది ‘కృ’ ధాతువు, ‘చేయడం’. దీనికి దూరపు బంధువు పారసీ ‘కార్’, అంటే పని. కార్ఖానా, సర్కారు అందులోంచే. 1788లో ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చిన గుంటూరు సర్కారులో ఉన్న ‘కారు’ ఇదే, మిరపతో సంబంధం లేదు! హిందీలో ‘ఖార్ ఖానా’ అంటే పగబట్టడం. అక్కడ ఖార్ పారసీ ముల్లు, ఉప్పు కాదు. మరాఠీలో ఖార్ అంటే ఉడుత కూడా.

రేగడి_నేల:
మా పొలాల మాట ఒకటి. ‘కారు చౌడు’లో కారు కూడా క్షారమేనని చాలామంది అనుకుంటారు, ఎందుకంటే అది నిజంగానే క్షార నేల: ఉదజని సూచిక (పీహెచ్) 8.5 దాటుతుంది, సోడియం ఎక్కువ. కానీ దానికి జంట మాట ‘పాల చౌడు’. పాల చౌడులో ఉప్పు తేలి పైన తెల్లగా పేరుకుంటుంది. కారు చౌడులో సోడియం కార్బొనేట్ నేలలోని సేంద్రియ పదార్థాన్ని కరిగించి పైకి తెస్తుంది, పైపొర నల్లబడుతుంది. తెలుపుకు ఎదురు నలుపు; కారుచీకటిలో ఉన్న కారే ఇది. పేరు తేడా తెలిస్తే మందు తేడా తెలుస్తుంది. పాల చౌడుకు మంచి నీళ్లు కట్టి మురుగు తీసేస్తే ఉప్పు దిగిపోతుంది. కారు చౌడుకు అలా ఉట్టి నీళ్లు కడితే లాభం లేదు, ముందు జిప్సం వేసి సోడియాన్ని విడిపించాలి. ఎంత వేయాలో మట్టి పరీక్ష చేయించి తెలుసుకోవాలి.

పొడుల_డబ్బా (గుంటూరు):
అందరికీ ధన్యవాదాలండీ. ఉట్టి కారం, కూర కారం తేలిపోయాయి. వెల్లుల్లి కారం, నల్లకారం మిగిలాయి. నల్లకారాన్ని ఉన్నదున్నట్టు ఆయా లిపుల్లో వేసేస్తే సరిపోదా? పేరు మనదేగా.

మాట_మూట (విజయవాడ):
వెల్లుల్లి కారం సులువు. కన్నడంలో బెళ్ళుళ్ళి చట్నిపుడి, తమిళంలో పూండు పొడి, మలయాళంలో వెళుత్తుళ్ళి చమ్మందిపొడి, మరాఠీలో లసణాచీ చట్ణీ.

నల్లకారం దగ్గర ఆగండి. తమిళం, మలయాళం రెండింట్లో ‘నల్ల’ అంటే మంచి. చెన్నైలో ‘మంచి ఘాటు’ అని చదువుకుంటారు, పోనీ నష్టం లేదు. కొచ్చిలో మాత్రం మీ డబ్బా మీద ‘మంచి సోడా’ అని ఉంటుంది. మరాఠీలోకి ‘కాళా మసాలా’ అని మార్చబోకండి, ఆ పేరుతో వాళ్లకు వేరే మసాలా ఉంది. ‘నల్లకారం’ అని పెద్దక్షరాల్లో ఉంచి, కిందే ఆయా భాషల్లో ‘వేయించిన ఎండుమిరప, ధనియాలు, చింతపండు, వెల్లుల్లి పొడి, ఇడ్లీలోకి, వేడన్నంలోకి’ అని వేయించండి. మలయాళం డబ్బా మీద ఆ వరుస పేరంత పెద్దగా ఉండాలి.